గళ్ళబట్ట కథ

స్త్రీలకు బట్టలపై మక్కువ మెండని పరిహసించుట పురుషులకు పరిపాటి. అంగడిలో నాలుగు చీరలు విప్పించి చూచినచో నవ్వుదురు. అంచు నచ్చలేదని మరల మార్చుకొని వచ్చినచో విసుగుకొందురు. సోదరీమణులారా! ఇకమీదట నెవరైన నట్లు పరిహసించినచో మీరు వారిని రెండు ప్రశ్న లడుగుడు. బట్టమీది గీతలకు జడిసి శాసనము చేసిన పార్లమెంటులో నొక్క స్త్రీయైన నుండెనా? ఒక్క పర్యటనకై 1354 పౌనులు వెచ్చించి గళ్ళబట్టలు కుట్టించుకొన్నది రాణియా, రాజా? ఈ రెండును గళ్ళబట్ట చరిత్రములోనివే. ఆ చరిత్రమును మీకు వినిపింపవలెనని మాకు చాలకాలముగా ముచ్చట.

గళ్ళబట్ట లేని యిల్లు కలదా? మగవారి గళ్ళలుంగీ, వంటయింటి చేతిగుడ్డ, బడికిబోవు పిల్ల కట్టుకొను గళ్ళలంగా, పెట్టె యడుగున కర్పూరపు వాసన గొట్టుచు మడతలో నున్న అమ్మమ్మగారి గళ్ళచీర, అది చినిగిన పిమ్మట దానితో గుట్టిన బొంత, ఇవన్నియు నొక్క వంశములోనివే. పట్టునకు గల గౌరవము దీనికి లేదు, జరీకి గల మిడిసిపాటును లేదు. ఐనను లోకమంతయు దిరిగి వచ్చిన బట్టలలో నిది మొదటి వరుసలోనిది. స్కాట్లండువారు తమ ఉన్ని గళ్ళను 'టార్టన్' అందురు. అమెరికావారు గళ్ళు గలదాని నెల్ల 'ప్లెయిడ్' అందురు. కరిబియను దీవులలో నూలు గళ్ళబట్టకు 'మద్రాసు' అనియే పేరు. ఆ మద్రాసులో మన తెలుగు మగ్గముల పాలెంతయో ముందు చెప్పుదుము.

మొదట గళ్ళు పుట్టు తీరు చూతము. పడుగులో గొన్ని పోగు లెఱుపు, కొన్ని నీలము వరుసగా నుంచి, అదే వరుసను పేకలోను నడిపినచో గళ్ళు వానియంతట నవియే యేర్పడును. ఎఱుపుపై నెఱుపు పడినచోట నిండైన యెఱుపు, నీలముపై నీలము పడినచోట నిండైన నీలము, ఎఱుపును నీలమును గలిసినచోట నీ రెండింటికి నడిమి రంగు. నూలు ముంచినవి రెండు రంగులే యైనను కంటికి మూడు రంగులు గానవచ్చును. మూడు రంగులు వాడినచో 6, నాలుగు వాడినచో 10, ఆఱు వాడినచో 21. ఉన్న రెండు కూరలతోనే విస్తరి నిండుగా వడ్డింపగల యిల్లాలి నేర్పు నేతగానికిని గలదన్నమాట. మఱియు టార్టనులో నధికభాగమున రంగుల వరుస ఒక పోగువఱకు నడచి, అక్కడనుండి వెనుకకు మరలును. ముగ్గులో నడిమి గీతకు ఇటునటు నొకే తీరుగా చుక్కలు గలుపుదుము గదా, ఇదియు నట్టిదే.

ఈ బట్ట కుట్టుపనిలో మాత్రము మొండిది. పూలబట్ట యెట్లు కత్తిరించినను సర్దుకొనును. గళ్ళబట్ట రవిక యతుకులో గడికి గడి కలియనిచో నామడదూరమునకు దెలియును. అందుచేతనే గళ్ళబట్ట కుట్టించునపుడు కొలతకన్న గొంచె మెక్కువ తీసికొనవలెను. క్రొత్త దర్జీని పరీక్షింపదలచినచో ఒక గళ్ళరవిక యిచ్చి చూడుడు, వాని పనితనము చంకయతుకులో దెలిసిపోవును.

ఇక స్కాట్లండునకు బోవుదము. 'ప్లెయిడ్' అను మాటకు మొదట గళ్ళని యర్థము లేదు. ఆ దేశపు కొండసీమలో మాటలాడు గేలిక్ భాషలో దానికి గంబళియని యర్థము. కొండసీమ పురుషుడు పొడవైన ఉన్ని కంబళిని కుచ్చెళ్ళుపోసి నడుమునకు బట్టెడతో బిగించి, మిగిలినదానిని భుజముమీదికి వేసికొనెడివాడు. పగలు కట్టుబట్ట, రాత్రి పక్కబట్ట, వానవచ్చినచో గొడుగు, అన్నియు నదియే. స్త్రీలదియు నట్టి నిడుపైన వస్త్రమే. దానిని 'అరిసేడ్' అనెడివారు. తెల్లని నేలమీద నలుపు, నీలము, ఎఱుపు సన్నని చారలుండును. నడుమునకు బట్టెడ, ఱొమ్మున గుండ్రని లోహపు సూది.

స్కాట్లండు పడమటి దీవులను గూర్చి 1703లో మార్టిన్ మార్టిన్ అనునతడొక గ్రంథము ప్రకటించెను. అందులోని యొక విశేషము మా మనస్సున నాటుకొన్నది. దీవిదీవికి గళ్ళ తీరు వేఱుగ నుండెడిదట, కట్టిన కంబళిని జూచి మనుష్యుని నివాసమును బోల్చుకొనవచ్చునట. ఆ తీరు తప్పకుండుటకై స్త్రీలు మిక్కిలి శ్రమపడి, ఒక కొయ్యముక్కమీద ఏ చారకు ఎన్ని పోగులో ఆ లెక్క యంతయు గుర్తుపెట్టుకొనెడివారట. కాగితము లేదు, కలము లేదు. ఆ కొయ్యముక్కయే వారి గ్రంథము. పాఠకురాండ్రు ఈ కొయ్యముక్కను జ్ఞాపకముంచుకొనవలెను, మరల దీనితో బని యున్నది.

ఉన్ని వడకుటయు, కొండరాళ్ళపై పెరుగు పాచితోను మొక్కలతోను రంగులు వేయుటయు స్త్రీల పనియే. నేసిన బట్ట చిక్కబడుటకై దానిని దడిపి బల్లమీద పరచి, చుట్టును గూర్చున్న స్త్రీలందఱును వంతులవారీగా బాదుచు బాడెడివారు. ఒకరు చరణ మెత్తుకొన్నచో మిగిలినవారు పల్లవి యందుకొందురు. మన దంపుళ్ళపాటల వంటివే యవి. ఒక బట్ట పూర్తియగులోపల పాడినపాట మరల బాడినచో నశుభమని వారి నమ్మకము. మన యూళ్ళలోవలె నచ్చటను పాటలు దండిగా వచ్చిన స్త్రీకి గొప్ప పిలుపులుండెడి వనుకొందుము.

ఆ స్త్రీల కంబళిపై మతపెద్దలకు గోపము వచ్చిన సందర్భమును గలదు. 17వ శతాబ్దిలో స్కాట్లండు పట్టణములలో స్త్రీలు ప్లెయిడు ముసుగువేసికొని దేవాలయమునకు బోవరాదని యాజ్ఞలు వెలువడినవి. కారణమేమనగా, ఆ ముసుగుచాటున వారు ప్రసంగము సాగుచుండగా హాయిగా నిద్రించుచున్నారట! ప్రసంగము గురుచగునట్లు చూడవలెనని యే పెద్దకును దోచినట్లు లేదు.

పెద్ద ఆజ్ఞ తరువాత వచ్చినది. 1746 ఏప్రిలులో కల్లోడెన్ యుద్ధమున చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్టు ఓడిపోయెను. అతని పక్షమున బోరాడినవారిలో గొండసీమవారు పెక్కురు. వారి పౌరుషమునంతను వారి కట్టుబట్టలోనే యున్నదని తలచినట్లు, ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు కొండసీమ వేషమును నిషేధించెను. మొదటి తప్పునకు ఆఱుమాసముల చెఱ, రెండవ తప్పునకు ఏడేండ్లు సముద్రము దాటించుట. ఒక్క బట్టకట్టినందులకు ఎంత శిక్షయో చూచితిరా! ప్రభుత్వమువారి సైన్యములోని కొండసీమ సిపాయిలకు మాత్ర మది వర్తింపలేదు. శాసనములో మఱొక సందును గలదు. అది పురుషులకును బాలురకును మాత్రమే వర్తించును, స్త్రీల మాట అందులో లేదు. స్త్రీలు కట్టిన బట్టవలన రాజ్యమునకు బ్రమాదములేదని తలచిరి కాబోలు. 36 సంవత్సరము లా శాసన మమలులో నుండి 1782లో రద్దయినది.

రద్దయిన నలువదియేండ్లకు గథ తలక్రిందైనది. 1822 ఆగస్టులో నాలుగవ జార్జి చక్రవర్తి ఎడింబరో నగరమునకు విచ్చేసెను. రమారమి 170 సంవత్సరములుగా సింహాసనమందున్న రాజెవ్వరును స్కాట్లండున కాలుమోపియుండలేదు. స్వాగతపు వేడుకలన్నియు సర్ వాల్టర్ స్కాట్ అను నవలాకారుని యేర్పాటు. ఆయన యొత్తిడిమీద దొరలందఱును టార్టను ధరించిరి. ఏ వేషమునకై ముత్తాతల కాలమున జెఱ విధించిరో ఆ వేషమునే రాజు 1354 పౌనులకు గుట్టించుకొని దర్బారు తీర్చెను. రాజు మిక్కిలి స్థూలకాయుడు. కిల్టు మోకాళ్ళపైకి వచ్చెను. సిగ్గుకాబోలు, క్రింద మేనిచాయ గల బిగుతు తొడుగును దొడిగెను. దర్బారుననున్న యొక దొరసాని ఆ పొట్టి కిల్టును జూచి, రాజుగారు మన యూర నుండునది కొద్దికాలమే గనుక వారెంత యెక్కువగా గనబడిన మన కంత భాగ్యమని చమత్కరించినదట. పరిహాసములో స్త్రీల దేమియు వెనుకంజ గాదు.

రాజు కట్టినదానిని లోకము కట్టక మానునా? ప్రతి వంశమువారికిని దమ పూర్వుల టార్టను కావలసివచ్చెను. బానక్‌బర్న్ గ్రామమున విల్సను కుటుంబమువారి నేతశాల యుండెను. వారు పెక్కు నమూనాలను మొదట అంకెలతో గుర్తించి యమ్మెడివారు. ఫలానా వంశమువారి బట్ట యేదియని యడుగువారు పెరిగినకొలది అంకెలకు బదులు వంశనామములు వచ్చి చేరినవి. బట్ట పాతదే, గోత్రము క్రొత్తది! 1842లో నిద్దఱు సోదరులు 16వ శతాబ్దినాటి వ్రాతప్రతి యని చెప్పి వంశవంశమునకు టార్టనులు వివరించు గొప్ప పుస్తకము వేసిరి. ఆ వ్రాతప్రతి కల్పితమని పండితులు తేల్చినారు. కాని పుస్తకములోని గళ్ళు చక్కగా నున్నవి గనుక నేటికిని పెక్కు వంశములవారు వానినే కట్టుచున్నారు. తరువాత విక్టోరియా రాణియు నామె భర్తయు 1852లో బాల్మోరల్ ఎస్టేటును గొని, తివాచీలకును తెఱలకును గూడ టార్టనునే వాడించిరి. ఇంక నడ్డేమున్నది?

ఐనచో టార్టను ప్రాచీనత యంతయు బూటకమా? కాదు. బట్ట ప్రాచీనమే, బిరుదులే నవీనములు. ఫాల్కర్కువద్ద 1933లో రమారమి 2000 రోమను వెండినాణెములున్న కుండ యొకటి దొరకినది. దాని మూతికి గ్రుక్కిన గుడ్డముక్క 3వ శతాబ్దినాటి గళ్ళబట్ట. రంగు వేయని గొఱ్ఱె సహజవర్ణములు రెండే అందులో గలవు. గ్లెన్ ఆఫ్రిక్ లోయలో బురదనేలలో దొరకిన యింకొక ముక్క 16వ శతాబ్దిదని పరీక్షలలో దేలి, 2023లో డండీ నగరమున బ్రదర్శింపబడినది. మనము జ్ఞాపకముంచుకొన్న కొయ్యముక్క యిచ్చట మరల వచ్చుచున్నది. వంశపుగొప్ప చాటిన వ్రాతప్రతి కల్ల. పోగుల లెక్క చెప్పిన స్త్రీల కొయ్యముక్క నిజము. గళ్ళు నిలిచినది దీని చలువననే.

స్కాట్లండులో నుత్సవములు సాగుటకు బూర్వమే మన తూర్పుతీరపు నూలుగళ్ళు సముద్రముల దాటుచుండెను. ఓడలెక్కు రేవు పేరే బట్టకు బేరైనది గనుక విదేశములలో నది 'మద్రాసు'. కాని ఆ పేరుతో బోయిన బట్టలన్నియు మద్రాసు నగరమున నేసినవి కావు. 'అసలు మద్రాసు రుమాలు' అని వాసికెక్కిన చదరపు గళ్ళబట్ట మన చీరాల ప్రాంతపు మగ్గములపై నేయబడినది. రుమాలనగా జేబులో బెట్టుకొనునది గాదు, గజము చదరమున్న పెద్దగుడ్డ. వానిని విడదీయక వరుసగా నేసి తానులుగా బంపెడివారు.

ఆ తానులు పడమటి ఆఫ్రికాకు బోయి నైజరు నదీముఖమున నున్న కలబారీ జనుల యిండ్లలో జొచ్చినవి. వారు దానిని 'ఇంజిరి' యందురు. అసలైన ఇండియా యని యా మాట కర్థము చెప్పుదురు. పుట్టుకమొదలు చావుదాక వారి శుభాశుభకార్యములలో నా బట్ట యుండవలసినదే. ఆ స్త్రీల పని యొకటి వినుడు. వారు గళ్ళబట్టలోని కొన్ని పోగులను పదునైన కత్తితో దెంపి మెల్లగా లాగివేసి, గళ్ళలోనే క్రొత్త గళ్ళు తీయుదురు. కుట్టి యలంకరించువారిని చూచితిమి, తీసివేసి యలంకరించుట యెంత నేర్పు! చీరాల నేతగాడు కూర్చినదానిని కలబారీ స్త్రీ తన యూహకు దగినట్లు మరల దిద్దుకొనుచున్నది. ఒకరి మొగమొక రెఱుగరు. ఐనను నిద్దఱును గలిసి చేసిన బట్ట యది.

అటనుండి కరిబియను దీవులకు. మార్టినీకు, గ్వాడెలూపు, డొమినికా, సెయింటు లూషియా దీవులలో ఆఫ్రికానుండి బానిసలుగా దేబడిన స్త్రీలును వారి సంతతివారును మద్రాసు రుమాళ్ళను దలపాగలుగా జుట్టిరి. పాగ ముందుభాగమున నిలుచు కొనలకు భాషకూడ నుండెడిదని చెప్పుదురు. ఒక కొన యున్నచో మనస్సు ఖాళీగా నున్నది, రెండున్నచో మాట యిచ్చివేసినది, మూడున్నచో వివాహిత. నాలుగున్నచో ప్రయత్నించువారికి జోటు గలదట! నేడది యా దీవుల జాతీయవేషము. ఏటేట అక్టోబరులో దమ క్రియోలు భాషకై జరుపుకొను పండుగనాడు డొమినికాలోను సెయింటు లూషియాలోను వీథులన్నియు మన గళ్ళతో నిండును.

అచ్చటికి చేరువనే, లూసియానాలో, మఱొక యాజ్ఞ పుట్టినది. 1786లో నచ్చటి స్పెయినుదేశపు గవర్నరు మీరో, స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు తలవెండ్రుకలను రుమాలుతో గట్టి కప్పుకొనవలెనని శాసించెను. వారి యలంకారము తెల్లదొరసానుల కన్నులలో బడుచున్నదని కోపము. సరే కప్పుకొందుమని యా స్త్రీలు మంచి మంచి రంగుల రుమాళ్ళు దెచ్చి, ఎత్తైన మడతలు పెట్టి, ఆభరణములు గుచ్చి చుట్టుకొనిరి. అణచుటకు బెట్టిన గుడ్డ కిరీటమైనది. బట్టమీద నాజ్ఞలుపెట్టువారికి స్త్రీలు చెప్పిన సమాధానము లన్నిటిలో నిది మాకు మిక్కిలి నచ్చినది.

1958నాటి ముచ్చట వినోదకరమైనది. సి. పి. కృష్ణన్ నాయరను మన దక్షిణదేశపు వర్తకుడు, తరువాతి కాలమున హోటళ్ళ యధిపతిగా బ్రసిద్ధికెక్కినవాడు, చెట్ల రంగులు వేసిన మద్రాసు గళ్ళబట్టను న్యూయార్కులోని పేరుమోసిన దుస్తుల యంగడికి బంపెను. రంగు దిగునది గనుక చల్లనినీట వేఱుగ నుతుకవలెనని చెప్పి పంపినను, ఆ మాట కొన్నవారికి జేరలేదట. ఉతికినంతనే రంగులొకదానిలో నొకటి కలిసిపోయి గగ్గోలు పుట్టినది. అప్పుడు ప్రకటనలు వ్రాయువారు తెలివిగా నడ్డము తిప్పిరి. ఈ బట్ట తప్పక రంగు దిగునని హామీ యిచ్చుచున్నాము, ఉతికిన ప్రతిసారియు మీకొక క్రొత్త చొక్కా, అని చాటిరి. అంతే, తప్పు సొగసైనది. అమెరికా విద్యార్థులు దానికై యెగబడిరి. క్రొత్త గళ్ళచీరను తెల్లబట్టలతో నానవేయరాదని మన యింట పదేండ్ల పిల్లకు దెలియును. న్యూయార్కువారికి దెలియకపోవుటచే నొక ఫాషను పుట్టినది!

ఇంక దీని వైభవమునకు మేరలేదు. 1939నాటి 'ది విజర్డ్ ఆఫ్ ఆజ్' చలనచిత్రమున జూడీ గార్లండు తొడిగిన నీలము తెలుపు గళ్ళగౌను నేటికిని పిల్లల వేషములలో గానవచ్చును. 1969 నవంబరులో చంద్రునిపై నడచిన ఆలన్ బీన్ తన వంశపు టార్టను ముక్కను వెంట గొనిపోయెను. 1970వ దశాబ్ది నడుమ ఎడింబరో గాయకులు 'బే సిటీ రోలర్సు'ను జూచి పిల్లలందఱును టార్టను కండువాలు ధరించిరి. అదే దశాబ్దిలో లండనులోని పంకు యువకులు రాజవంశపు గళ్ళనే చించి పిన్నులు గ్రుచ్చి, పెద్దలను వెక్కిరించుటకు దొడిగిరి. ఆ వేషములు కుట్టిన వివియన్ వెస్ట్‌వుడ్ 1993లో దన భర్త యాండ్రియాసు పేర 'మెకాండ్రియాస్' అని సరిక్రొత్త టార్టనునే సృష్టించినది. భర్తకు గోత్రమునిచ్చిన భార్య! 1995లో 'క్లూలెస్' చిత్రమున కథానాయిక తొడిగిన పసుపుపచ్చ గళ్ళదుస్తులను బాలికలింకను మఱువలేదు. 2008నాటి చట్టముచే స్కాట్లండు ప్రభుత్వమువారు టార్టనుల పట్టీయొకటి యేర్పఱచి మరుసటియేట దెఱచిరి. ఒకప్పుడు గళ్ళు కట్టినవారికి జెఱ, నేడు గళ్ళకు రిజిస్ట్రారు కచేరి.

ఈ కథ యంతయు వ్రాసిన పిమ్మట మా కొక చింత మిగిలినది. గళ్ళబట్టకు వంశముల పేర్లు వచ్చినవి, రాజుల పేర్లు వచ్చినవి, రేవు పేరు వచ్చినది, అంగళ్ళ పేర్లు వచ్చినవి. కొయ్యముక్కమీద లెక్క గీచిన స్త్రీ పేరు గాని, అసలు మద్రాసు రుమాలు నేసిన చీరాల నేతగాని పేరు గాని యే పట్టీలోను లేదు. వారి పేర్లు మన మిప్పుడు తేలేము. కాని వారి పనిని గుర్తుపట్టగలము. అంగడిలో గళ్ళబట్ట చేతికి వచ్చినపుడు తిరుగవేసి చూడుడు. గళ్ళు రెండువైపుల నొకేరీతి నిండుగా నున్నచో నవి పోగులలో బుట్టినవి. వెనుకవైపు వెలవెలబోవుచున్నచో నవి యద్దినవి. అద్దినది చౌక, కాదనము. కాని నారాయణపేట గళ్ళచీరలోను, మంగళగిరి గళ్ళనూలులోను ఒకరు కూర్చుండి ఒక్కొక్క రంగు లెక్కపెట్టిన శ్రమ గలదు. రెండు రూపాయ లెక్కువైనను ఆ లెక్కకు మనము వెల కట్టుట న్యాయము.

మీ యింట బెట్టె యడుగున గళ్ళచీర యున్నచో నొకసారి వెలికిదీసి, మీ యమ్మాయిని బిలిచి, పడుగులో నెన్ని రంగులో పేకలో నెన్ని రంగులో యెంచి చూడుమనుడు. ఆమె లెక్క తేల్చులోపల మీరీ కథ చెప్పి ముగింపవచ్చును.